లోక్-1 గోధుమ: ఆలస్యమైన పొలానికి సరిపోయే విత్తనం

డిసెంబరు వచ్చేసినా పొలం ఇంకా ఖాళీగానే ఉందంటే నేను వేరే రకం గురించి ఆలోచించను, లోక్-1 వేసేస్తాను. ఇదేం కొత్తది కాదు. గుజరాత్‌లోని సణోసరాలో ఉన్న లోక్‌భారతి సంస్థ సోనాలిక, ఛోటీ లెర్మా అనే రెండు గోధుమ రకాలను సంకరం చేసి తయారుచేసిన రకం. 1980ల నుంచీ రైతుల చేతుల్లో ఉంది.

గింజ చూస్తే ముచ్చటేస్తుంది. లావుగా, నిండుగా, లేత బంగారు రంగులో, పంటికింద వేస్తే టక్కున విరిగేంత గట్టిగా ఉంటుంది. కానీ విత్తేటప్పుడు ఆ లావే లెక్క తప్పిస్తుంది. హెక్టారుకు 100 కిలోలు అని చెప్పేది వెయ్యి గింజలు 38 గ్రాములు తూగే విత్తనానికి. ఇది అంతకంటే బరువు. అంటే అన్నే కిలోలు చల్లితే పడేది తక్కువ గింజలే. పైగా ఆలస్యంగా వేసిన చేనుకు పిలకలు అంతగా రావు. అందుకే 125 కిలోల దాకా వేసి, సాళ్ళు కూడా 18 సెంటీమీటర్లకు దగ్గర చేస్తాను. పలచగా మొలిచిన చేను తరవాత ఎంత ఎరువేసినా కోలుకోదు.

ఈ రకం తొందరగా కోతకొస్తుంది. దానివల్ల లాభమేంటంటే, ఎండలు ముదిరేలోపే గింజ పాలు పోసుకుని గట్టిపడుతుంది. దీర్ఘకాలిక రకాలు సరిగ్గా ఆ దశలోనే మార్చి వేడికి దొరికిపోయి తాలు గింజలవుతాయి. అయితే పంట కాలం తక్కువ కాబట్టి దీనికి ఆకలి దప్పికలు తట్టుకునే ఓపిక ఉండదు. విత్తిన 20–25 రోజులకు, మొక్క మొదట్లోంచి కిరీటపు వేళ్ళు (క్రౌన్ రూట్స్) వేసే సమయంలో, తడి తప్పిందా, ఇక దిగుబడి మీద ఆశ వదులుకోవాల్సిందే.

పెద్ద లోపం తుప్పు తెగులు. ఆకు మీద వేలితో రాస్తే నారింజ రంగు పొడి అంటుకుంటుంది. అది కనిపించిన రోజే లీటరు నీటికి ఒక మిల్లీలీటరు ప్రోపికొనజోల్ అనే తెగులు మందు కలిపి కొట్టాలి. రేపు చూద్దాంలే అంటే కుదరదు. తెగులు తట్టుకునే కొత్త రకాలు చాలానే వచ్చాయి. నవంబరు మొదట్లోనే నేల సిద్ధమైతే నేనూ వాటివైపే వెళ్తాను.

ఇంకో మాట. తినడానికి ‘లోక్‌వన్’ పేరుతో అమ్మే గోధుమ కొని విత్తనంగా వాడకండి. గింజ లావుగా ఉంటే చాలు, ఆ పేరు తగిలించేవాళ్ళు ఉన్నారు. సంచికి ధ్రువీకరణ ట్యాగ్ ఉందో లేదో చూసి కొనండి.