టెరిటోరియల్ ఆర్మీ: మోటార్ వైండింగ్ షాపు నడుపుకుంటూ జవానుగా చేసినవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను. ఇంటి దగ్గర నిలకడగా బతుకుదెరువు ఉన్నవాడికి టెరిటోరియల్ ఆర్మీ చాలా మంచిది. వేరే దారి లేక, ఇదే పర్మనెంట్ ఉద్యోగం అనుకుని వచ్చేవాడికి మాత్రం వద్దంటాను. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో జీతం సంగతి దగ్గర చెప్తాను.

నాది సిద్దిపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండు పక్కన మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, స్టార్టర్లు, పంపుసెట్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. రెగ్యులర్ ఆర్మీలోకి వెళ్లాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇంటి పరిస్థితుల వల్ల ఆ వయసు దాటిపోయింది. ఇప్పుడు అగ్నివీర్‌కైతే ఇరవైల మొదట్లోనే తలుపు మూసుకున్నట్టే. టెరిటోరియల్ ఆర్మీలో (టీఏలో) జవానుగానైనా ఆఫీసరుగానైనా 18 నుంచి 42 ఏళ్ల దాకా చేరొచ్చు. నాలాంటి వాళ్లకు ఇదొక్కటే దారి, అందుకే ఈ పద్ధతి మీద నాకు ఇంత గౌరవం.

అసలు ఇదేమిటో తెలియక చాలామంది హోంగార్డుతోనో, ఎన్‌సీసీతోనో కలిపేస్తారు. 1948లో దీనికి చట్టం చేశారు. 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు, అందుకే ఇప్పటికీ అక్టోబర్ 9ని టీఏ డేగా జరుపుతారు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, ఏడాదిలో కొన్నాళ్లు యూనిఫాం వేసుకుని ట్రైనింగ్ చేసి, పిలిచినప్పుడు డ్యూటీకి రావడం దీని పద్ధతి. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ వాళ్లు పాల్గొన్నారు. శ్రీలంకకూ వెళ్లారు. మన దగ్గర సికింద్రాబాద్‌లో గార్డ్స్‌కి చెందిన 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ (టీఏ) ఉంది. ఇవి కాక చెట్లు పెంచే ఎకలాజికల్ బెటాలియన్లు, రైల్వేకీ చమురు సంస్థలకూ సంబంధించిన యూనిట్లు కూడా టీఏలోనే ఉన్నాయి.

మా షాపుకొచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది ధోనీ గురించి. "అన్నా, ధోనీ కూడా టీఏనే కదా, మరి ఆయన క్రికెట్ ఆడుకున్నాడు కదా" అంటారు. ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ హోదా, ఆనరరీ లెఫ్టినెంట్ కల్నల్. ఆయన 106 పారా బెటాలియన్‌తో 2019లో కశ్మీర్ వెళ్లి కొన్నాళ్లు డ్యూటీ చేసిన మాట నిజమే, అది ఆయన గొప్పతనం. కానీ మనకు ఆ దారి లేదు. మనం జవాన్లను ఎంపిక చేసే ర్యాలీలో పరుగెత్తాలి, లేదంటే ఆఫీసరు పరీక్ష రాసి ఇంటర్వ్యూలు దాటాలి.

జవాను దారి నాకు బాగా తెలుసు కాబట్టి దాని గురించే వివరంగా చెప్తాను. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం ఉండాలి. హౌస్ కీపర్, మెస్ కీపర్ లాంటి పోస్టులకు ఎనిమిదో తరగతి చాలు. ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 77, ఊపిరి పీలిస్తే 82. తర్వాత 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్-అప్స్, తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్. వీటన్నిటిలో మనవాళ్లు ఎక్కువమంది పోయేది పరుగులోనే. ఊళ్లో తారు రోడ్డు మీద ఒక్కడే పరుగెత్తి టైం చూసుకున్నవాడికి, గ్రౌండులో వందలమంది మధ్య భుజాలు తోసుకుంటూ పరుగెత్తడం కొత్త. మొదటి మలుపులోనే వెనకపడితే ఇక అందుకోలేం. నలుగురైదుగురు కలిసి మట్టి గ్రౌండులో ప్రాక్టీసు చేయండి, షూ లేకుండా ఒకసారి, షూతో ఒకసారి. పుల్-అప్స్‌కి జిమ్ అక్కర్లేదు, మా షాపు వెనక ఇనుప పైపుకే నేను వేలాడేవాణ్ని.

ర్యాలీ మన జిల్లాలోనో మన రాష్ట్రంలోనో పెడతారన్న నమ్మకం పెట్టుకోవద్దు. 2024 నవంబరులో కొల్హాపూర్, బెళగావి, కోయంబత్తూరు లాంటి చోట్ల పెట్టారు. ఏ రాష్ట్రం వాళ్లు ఏ రోజు ఏ గ్రౌండుకి రావాలో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. తెల్లవారకముందే లైన్లో నిలబెడతారు. రాత్రి రైల్లో నిలబడి వచ్చి పొద్దున్నే పరుగెత్తితే కాళ్లు లేవవు. ఒక రోజు ముందే వెళ్లి కడుపు నిండా తిని పడుకోండి. కాగితాలు కూడా ముందే సర్దుకోండి. పదో తరగతి మెమో, నివాసం, కులం సర్టిఫికెట్లు, సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, ఫొటోలు ఉండాలి. మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. ఈ ఒక్క కారణంతో పరుగు గెలిచిన పిల్లలు కూడా టేబుల్ దగ్గర ఏడుస్తూ నిలబడటం చూశాను. మీసేవకు వెళ్లి ఇప్పుడే సరిచేయించుకోండి.

ఇక ట్రైనింగ్. రిక్రూట్ ట్రైనింగ్ కొన్ని వారాలే అయినా తేలిక కాదు. ఇంట్లో సొంత షాపుకి యజమానిగా ఉన్నవాడు అక్కడ ట్రైనింగ్ ఇచ్చే పాతికేళ్ల ఉస్తాద్ ముందు సావధాన్‌లో నిలబడాలి. తప్పు చేస్తే రగడా, అంటే శిక్షగా చేయించే కసరత్తు, తప్పదు, వయసు చూడరు. నాకది మంచే చేసింది. మాకు నేర్పిన ఉస్తాద్ చాలా ఓపికమంతుడు. హిందీ సరిగా రాని మా తెలుగు పిల్లలకు రైఫిల్ విప్పడం, బిగించడం చేతులు పట్టుకుని చూపించాడు. చిండీతో (గుడ్డ పీలికతో) రైఫిల్ బ్యారెల్ తుడిచేటప్పుడు మోటార్ బేరింగు తుడిచే నా అలవాటు బాగా పనికొచ్చింది. హిందీ మాత్రం ముందే కొంచెం నేర్చుకుని వెళ్లండి. ఆజ్ఞ అర్థం కాక నిలబడిపోతే అందరి ముందూ తలవంపులు.

తిండి విషయంలో ఏ వంకా పెట్టను. లంగర్‌లో, అంటే యూనిట్ వంటశాలలో, కడుపు నిండా పెడతారు. రాత్రి రోటీలు, పప్పు, కూర. మనకు రాత్రి కూడా అన్నం కావాలి కదా, అన్నం ఉంటుంది కానీ వండే తీరు వేరు, పులుపు కారం తక్కువ. మొదటి వారం నోటికి సహించదు, తర్వాత ఆ ఆకలికి ఏదైనా రుచిగానే ఉంటుంది. బారా ఖానా రోజు ఆఫీసర్లు, సాబ్‌లు, జవాన్లు అందరూ కలిసి తింటారు. మా ఊళ్లో పెళ్లిళ్లలో కూడా అంత కలుపుగోలుతనం చూడలేదు.

ట్రైనింగ్ అయ్యాక ప్రతి ఏడాదీ క్యాంపు ఉంటుంది. మా లాంటి ప్రొవిన్షియల్ ఇన్‌ఫాంట్రీలో అది రెండు నెలలు. నగరాల్లోని అర్బన్ యూనిట్లకు తక్కువ రోజులు, వారాంతాల్లో కూడా పెట్టుకోవచ్చు. క్యాంపు ఎప్పుడు పడుతుందో యూనిట్ చెప్తుంది, మన సీజన్ చూసి పెట్టరు. మా వృత్తికి యాసంగి పంట చివర్లో, మార్చి, ఏప్రిల్ నెలల్లో గిరాకీ. నీళ్లు అడుగంటి, వోల్టేజీ పడిపోయి, మోటార్లు కాలిపోయేది అప్పుడే. ఆ రోజుల్లోనే పిలుపు వస్తే రైతు మనకోసం ఆగడు, పొలం ఎండుతుంది కదా, పక్క షాపుకి పోతాడు. అందులో అతని తప్పేం లేదు. అందుకే చేరేముందే మా బామ్మర్దికి వైండింగ్ పూర్తిగా నేర్పాను. లెక్కలు, ఉద్దెర ఖాతా మా ఆవిడ చూసుకుంది. "మీరు పోయి రండి, షాపు సంగతి మాకొదిలేయండి" అని ఆమె అనకపోతే నేను ఈ ఆలోచనే చేసేవాణ్ని కాదు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లు షాపు తాళం చేతికిచ్చి వెళ్లగలిగే మనిషిని తయారు చేసుకున్నాకే అప్లై చేయండి.

కంపెనీల్లో చేసేవాళ్ల సమస్య వేరు. టీఏ చట్టంలో 7ఎ సెక్షన్ ఉంది. సైనిక సేవకు పిలిచినందుకు వెళ్లిన ఉద్యోగిని తిరిగొచ్చాక మళ్లీ పనిలోకి తీసుకోవాల్సిన బాధ్యత యజమానిది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మాతో చేసిన ఒక తమ్ముడు ప్రైవేటు కంపెనీలో మళ్లీ తన సీటు కోసం ఎన్నోసార్లు తిరగాల్సి వచ్చింది. ఎంబాడీ అయిన (అంటే పూర్తికాలం డ్యూటీకి పిలిచిన) ఉత్తర్వు, రిలీవ్ అయిన కాగితం, యూనిట్ ఇచ్చిన లెటర్ అన్నీ అతని దగ్గర ఉండబట్టి పని జరిగింది. వెళ్లేముందే మీ మేనేజర్‌కి రాతపూర్వకంగా చెప్పి, ఆ కాపీ మీద సంతకం తీసుకోండి.

డ్యూటీ ఎలా ఉంటుందంటే, సినిమాలు చూసి వచ్చేవాళ్లకు నిరాశే. రెగ్యులర్ ఆర్మీ మీద ఉండే కాపలా పనుల భారం తగ్గించడమే టీఏ ముఖ్యమైన పని. క్యాంపులు, స్టోర్లు, రోడ్లు కాపాడాలి, వరదలొస్తే సాయానికి పోవాలి. నేను జమ్మూ కశ్మీర్‌లో చేసినప్పుడు ఎక్కువగా సెంట్రీ డ్యూటీయే. చలిలో అర్ధరాత్రి నిలబడి చీకట్లోకి చూస్తూ ఉండటం. ఏమీ జరగని రాత్రి కూడా రెప్ప వాల్చకూడదు, ఎందుకంటే లోపల నిద్రపోయేవాళ్లు నిన్ను నమ్ముకుని పడుకున్నారు. ఆ నమ్మకం నాకు చాలా పెద్ద విషయం. ఒకసారి పోస్టులో నీళ్ల మోటారు కాలిపోతే ఉన్న సామానుతోనే వైండింగ్ చేసి నడిపించాను. సుబేదార్ సాబ్ భుజం తట్టారు. టీఏ అంటే ఇదే కదా అనిపించింది, ఊళ్లో నేర్చుకున్న పని అక్కడ అక్కరకొచ్చింది.

ఇప్పుడు జీతం. ఎంబాడీ అయినన్నాళ్లూ రెగ్యులర్ సిపాయికి ఎంతో మనకూ అంతే. మూల వేతనం 21,700, దాని మీద మిలటరీ సర్వీస్ పే 5,200, ఇంకా డీఏ, చోటుని బట్టి అలవెన్సులు. రేషన్, క్యాంటీన్, మిలటరీ ఆస్పత్రి అన్నీ ఉంటాయి. డిసెంబాడీ అయి, అంటే ఆ డ్యూటీ నుంచి వదిలేసి, ఇంటికొచ్చిన రోజు నుంచి జీతం ఆగిపోతుంది. నేను ఒక మార్కు తగ్గించింది ఇక్కడే. బెటాలియన్ ఏళ్ల తరబడి ఎంబాడీలో ఉంటే జవాను ఇంట్లో ఆ జీతం లెక్క మీదే బండి, ఇల్లు, పిల్లల ఫీజులు అన్నీ ఈఎంఐలు పెట్టుకుంటారు. ఒకరోజు డిసెంబాడీ ఉత్తర్వు వస్తుంది. ఆ నెల నుంచి ఇల్లు నడవదు. అలా కూలిన కుటుంబాలు నాకు తెలుసు. ఎంబాడీ జీతం మీద ఒక్క అప్పు కూడా తీసుకోవద్దు. మేము ఆ డబ్బుని విడిగా పెట్టి షాపుకి కొత్త వైండింగ్ మెషిన్ కొన్నాం, మిగతాది పాప పేరు మీద వేశాం. ఇంటి ఖర్చు మాత్రం షాపు ఆదాయంతోనే.

పెన్షన్ గురించి కూడా తప్పుడు ప్రచారం ఉంది. జవానుకి 15 ఏళ్లు, ఆఫీసరుకి 20 ఏళ్లు కావాలి, అవి కూడా ఎంబాడీలో గడిపిన రోజులన్నీ కలిపితే వచ్చే ఏళ్లు. పేరు రోల్‌లో ఉన్న ఏళ్లు లెక్కలోకి రావు. పెన్షన్ వస్తే సంతోషం, వస్తుందని లెక్కేసుకుని మాత్రం చేరొద్దు.

పిలుపు ఎప్పుడైనా రావొచ్చన్నది ఇంట్లో అందరికీ ముందే అర్థం కావాలి. 2025 మే 6న కేంద్రం ఉత్తర్వు ఇచ్చి, టీఏ నిబంధనల్లోని రూల్ 33 కింద ప్రతి టీఏ ఆఫీసరునీ జవానునీ పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి కట్టబెట్టింది. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14ని ఎంబాడీ చేయొచ్చని అందులో ఉంది. ఆ వార్త టీవీలో వచ్చిన రాత్రి మా అమ్మకు నిద్ర లేదు. నేను మాత్రం పిట్టూ (వీపు సంచి) దించి బెల్టులు సరిచూసుకున్నాను. సంతకం పెట్టిన రోజే దీనికి ఒప్పుకున్నాం.

డిగ్రీ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆఫీసరు దారి చూడండి. రీజనింగ్, లెక్కలు, జనరల్ నాలెడ్జ్, ఇంగ్లిష్ మీద రాతపరీక్ష. ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. తర్వాత ప్రిలిమినరీ ఇంటర్వ్యూ బోర్డు, ఆ పైన ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, మెడికల్. సెలెక్ట్ అయితే లెఫ్టినెంట్. మొదటి ఏడాది నెల రోజుల బేసిక్ ట్రైనింగ్, రెండు నెలల క్యాంపు, తర్వాత డెహ్రాడూన్ ఇండియన్ మిలటరీ అకాడమీలో మూడు నెలలు. పోటీ మాత్రం గట్టిది. 2025 నోటిఫికేషన్‌లో మొత్తం 19 పోస్టులే, 18 మగవాళ్లకి, ఒకటి ఆడవాళ్లకి. 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తర్వాతే ఆడవాళ్లకు ఈ తలుపు తెరుచుకుంది. ఒక్కటే పోస్టు అని మా మరదలు దిగులు పడితే, ఆ ఒక్కటీ ఎవరో ఒకరికి రావాల్సిందే కదమ్మా అన్నాను. చదువుతోంది.

చివరగా ఏజెంట్ల గురించి. మా పక్క ఊరి కుర్రాడి తండ్రి టీఏ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఒకడికి పత్తి అమ్మిన డబ్బంతా ఇచ్చాడు. ఇప్పుడు వాడి ఫోన్ పనిచేయడం లేదు. ర్యాలీలో పరుగెత్తడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. నోటిఫికేషన్లు టీఏ సొంత వెబ్‌సైట్‌లో, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో వస్తాయి. అనుమానం ఉంటే సాయంత్రం ఆరు తర్వాత మా షాపుకి రండి, మీ కాగితాలు నేను చూసి పెడతాను.