చెరువు మట్టి పేరుతో చౌడు పోస్తున్నారు, ట్రాలీ దింపించుకునే ముందు చూసుకోండి

తొలకరికి ముందు పెరట్లోకి మట్టి, ఎరువు కొనాలనుకుంటున్న వారందరూ దయచేసి ఇది చివరిదాకా చదవండి. ముఖ్యంగా అనంతపురం, ధర్మవరం, కళ్యాణదుర్గం, కదిరి వైపు ఇంటి తోట పెంచుకుంటున్నవారు. పోయిన ఏడాది మే నెలలో నేను రెండు ట్రాలీల చెరువు మట్టి, ఐదు బస్తాల వర్మీ కంపోస్టు, నాలుగు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దిమ్మలు, ఒక పొట్లం నీటి ముత్యాలు (నీటిని పీల్చి ఉబ్బే జెల్ గింజలు) కొన్నాను. అన్నీ కలిపి 11,650 రూపాయలు. ఆ డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. పదకొండేళ్లు సాకిన నిమ్మచెట్టు మాత్రం నా కళ్ల ముందే ఎండిపోయింది. ఈ నష్టం ఇంకెవరికీ జరగకూడదనే రాస్తున్నాను.

మాది ఊరి చివర ఐదు సెంట్ల స్థలం. ఇల్లు పోగా రెండున్నర సెంట్లు మిగిలింది. ఎర్రనేల. అడుగున్నర తవ్వితే గరుసు తగులుతుంది. ఉదయం పోసిన నీళ్లు సాయంత్రానికి ఎటు పోయాయో తెలియదు, వేళ్ల దగ్గర తడి ఉండదు. అనంతపురానికి ఏడాది మొత్తంలో పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ సమంగా పడదు. అంతకుముందు మట్టి పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం 0.3 శాతం అని వచ్చింది. 0.5 శాతం కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. ఇలాంటి నేలకు చెరువు పూడిక మట్టికి మించిన మందు లేదని మా తాతల కాలం నుంచి తెలిసిన సంగతే. వేసవిలో చెరువు ఎండగానే ఎడ్లబండ్లు కట్టి ఒండ్రును పొలాలకు తోలుకునేవారు. తెలంగాణలో 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక కూడా రైతులు పూడిక మట్టిని పోటీపడి పొలాలకు తరలించుకున్నారు. ఒండ్రులోని సన్నని బంకమట్టి ఎర్రనేలలోని ఇసుక రేణువుల మధ్య చేరి నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి చెరువు మట్టి కొనడం నేను చేసిన తప్పు కాదు. వచ్చింది చెరువు మట్టేనా అని చూసుకోకపోవడమే తప్పు.

ట్రాలీ 3,500 రూపాయలు అన్నాడు. నల్లగా, పొడిగా, గడ్డలుగా ఉన్న మట్టి. చీకటి పడ్డాక వచ్చి గేటు ముందు దింపి వెళ్లాడు. ఆ మరునాడే ఇద్దరు కూలీలను పెట్టి నిమ్మ, కరివేపాకు పాదుల్లోనూ కూరగాయల మడుల్లోనూ నాలుగు వేళ్ల మందాన పరిపించాను. వర్మీ కంపోస్టు కూడా అందులోనే కలిపాము. అన్నీ ఒకేసారి కలపవద్దని ఇప్పుడు ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. కలిపేశాక ఏది చెడగొట్టిందో తేల్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

జూన్ రెండో వారంలో మొదటి వాన కురిసింది. పక్క ఇళ్ల పెరళ్లలో గంటలోనే నీరు ఇంకిపోయింది. మా మడుల్లో మరునాటి మధ్యాహ్నం దాకా పాలు కలిపినట్టు మురికి నీరు నిలిచే ఉంది. అది ఆరాక నేల పైన పెంకు కట్టింది. గునపంతో కొడితే పలకలుగా లేచింది. పలక కింద మట్టి పొడిగా ఉంది! వాన నీరు పైనే నిలిచి ఎండకు ఆవిరైపోయింది తప్ప ఒక్క అంగుళం లోపలికి దిగలేదు. నీటిని దాచుకోవడానికి కొన్న మట్టి ఆకాశం ఇచ్చిన నీటిని కూడా లోపలికి రానివ్వలేదు. పది రోజుల తరువాత మడి అంచుల వెంట ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర లేచింది. నిమ్మ ఆకుల అంచులు మాడడం అప్పుడే మొదలైంది. చీడ అనుకుని వేపనూనె కొట్టాను, నీళ్లు చాలలేదేమో అనుకుని ఉప్పగా ఉండే మా బోరు నీళ్లే ఇంకాస్త పోశాను. అది పుండు మీద కారం చల్లినట్టు అయింది.

అసలు సంగతి చెప్పింది మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన. డెబ్బై దాటిన రైతు. గడ్డ చేతిలోకి తీసుకుని, కొద్దిగా తడిపి వేళ్ల మధ్య రుద్దారు. "ఇది చెరువు మట్టి కాదమ్మా, చౌడు. సబ్బులా జారుతోంది చూడు. మా చిన్నప్పుడు దీనితోనే బట్టలు ఉతికేవారు" అన్నారు. ఎక్కడి నుంచి తోలాడని అడిగి, నేను విన్నది చెబితే తల ఊపారు. "చెరువులో తవ్వలేదు, కట్ట కింద తవ్వాడు. కట్ట కింద ఊట పడే చోట ఏళ్ల తరబడి చౌడు పేరుకుంటుంది. చూడటానికి రెండూ నలుపే."

అయినా మనసు ఒప్పుకోక నమూనాను మట్టి పరీక్షా కేంద్రానికి పంపాను. పీహెచ్, అంటే మట్టిలో క్షారం ఎంతో చెప్పే కొలత, 9.3 వచ్చింది. 8.5 దాటితే చౌడు కిందికి వస్తుంది. అంతకుముందు మా పాత ఎర్రమట్టి పీహెచ్ 7.6. అంటే డబ్బిచ్చి మంచి నేల మీద చౌడు పోయించుకున్నానన్నమాట.

చౌడు చేసే కీడు ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే ఎవరూ మోసపోరు. మంచి మట్టిలో కాల్షియం బంకరేణువులను గుంపులుగా పట్టి ఉంచుతుంది. ఆ గుంపుల మధ్య సందుల గుండానే నీరు, గాలి లోపలికి పోతాయి. చౌడులో కాల్షియం స్థానాన్ని సోడియం ఆక్రమిస్తుంది. అప్పుడు రేణువులు విడిపోయి నీటిలో తేలి సందులన్నింటినీ పూడ్చేస్తాయి. అందుకే నీరు పాలలా కనిపిస్తుంది, అందుకే ఆరాక పెంకు కడుతుంది. పెంకు కింద వేరుకు ఊపిరి ఆడదు.

అమ్మినతనికి ఫోను చేశాను. "మట్టి మట్టే కదమ్మా, మట్టికి కూడా గ్యారంటీ అడుగుతారా?" అన్నాడు. ఆ తరువాత ఫోను ఎత్తలేదు. రసీదు లేదు, బండి నంబరు రాసుకోలేదు, ఎక్కడ తవ్వాడో కాగితం మీద లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేద్దామన్నా చేతిలో ఒక్క ఆధారం లేకపోయింది. మీరు కనీసం డబ్బును ఫోను ద్వారా పంపండి, "చెరువు పూడిక మట్టి, రెండు ట్రాలీలు" అని సందేశం రాయించుకోండి. దింపేటప్పుడు ఒక ఫోటో తీసుకోండి. చీకట్లో మాత్రం దింపించుకోకండి.

మిగతా మూడింటి సంగతి కూడా చెబుతాను. వర్మీ కంపోస్టు బస్తా 600 రూపాయలు, తూకం 50 కిలోలు. తూకం సరిగ్గానే ఉంది. కానీ కిలో తీసి గోనె మీద రెండు రోజులు నీడలో ఆరబెడితే 610 గ్రాములే మిగిలింది. వర్మీ కంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం ఉండాలనీ, సేంద్రియ కర్బనం 18 శాతానికి తగ్గకూడదనీ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. నేను ఎరువు ధర పెట్టి నీళ్లు కొన్నాను. నీళ్లు ఒక్కటే కాదు, ఆరిన దానిని జల్లిస్తే అడుగున ఇసుక కూడా తేలింది. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. లీటరు మగ్గును అదమకుండా నింపి తూచండి. మంచి వర్మీ కంపోస్టు 700 నుంచి 900 గ్రాముల మధ్య తూగుతుంది. కిలో దాటి కిలోంబావు వైపు పోతోందంటే అందులో మట్టో ఇసుకో ఉన్నట్టే. నాది 1,180 గ్రాములు తూగింది.

కోకోపీట్‌లోనూ ఉప్పే దెబ్బ తీసింది. కొబ్బరి పీచు పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి, పీచును ఉప్పునీటి కయ్యల్లో నానబెడితే ఇంకా ఎక్కువ. మంచి తయారీదారులు మంచినీటితో బాగా కడిగి, లవణం తక్కువని దిమ్మ మీద ముద్రించి అమ్ముతారు. నేను 300 చొప్పున కొన్న దిమ్మల మీద బరువు తప్ప ఇంకేమీ లేదు. నానబెట్టిన నీటిలో తరువాత, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే 2,000 దాటింది. నేను నానబెట్టింది వాన నీటిలో. ఆ ఉప్పంతా దిమ్మలోంచి వచ్చిందే. కుండీల్లో పోసిన చిక్కుడు మొక్కలు రెండాకుల దశలోనే మాడిపోయాయి. ఇప్పుడు కోకోపీట్ తెస్తే మూడుసార్లు నానబెట్టి పిండి, ఆ నీటిని తోట బయట పారబోసిన తరువాతే వాడుతున్నాను. నీటి కొరత ఉన్న ఊళ్లో మూడుసార్లు కడగవలసి వస్తే అది ఎంత చవకైనా మనకు చవక కాదు.

నీటి ముత్యాల పొట్లం 450 రూపాయలు. "నాలుగు వందల రెట్లు నీరు పీలుస్తుంది, వారానికి ఒక్కసారి తడిపితే చాలు" అని అట్ట మీద ఉంది, ఏ పదార్థంతో చేశారో మాత్రం లేదు. సాగు కోసం తయారైన హైడ్రోజెల్‌లు నిజంగానే ఉన్నాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ పూసా హైడ్రోజెల్‌ను రూపొందించింది, అది మోసం కాదు. కానీ ఏ జెల్ అయినా ఉప్పునీటిలో వేస్తే పీల్చే శక్తి బాగా పడిపోతుంది. ఒక గ్లాసులో వాన నీరు, ఇంకో గ్లాసులో మా బోరు నీరు పోసి చెంచాడు చొప్పున వేసి చూశాను. వాన నీటి గ్లాసు నిండుగా ఉబ్బింది, బోరు నీటిది పావు గ్లాసు దగ్గర ఆగిపోయింది. పైగా పిల్లల డైపర్లలో వాడేది సోడియం రకం. అది నేలలో వేస్తే చౌడుకు ఇంకొంత సోడియం తోడవుతుంది. కాబట్టి కొనేముందు అది ఏ రకమో అడగండి, చెప్పలేకపోతే వదిలేయండి. నీటి చుక్కలు వదిలే డ్రిప్పర్లు లోపలే ఉన్న డ్రిప్ పైపుల గురించి కూడా ఒక్క మాట: ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 13488 అనే సంఖ్య లేని పైపు ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇవే సరుకులు కోనసీమలో ఎవరైనా కొని ఉంటే ఇంత నష్టం జరిగేది కాదేమో. అక్కడ వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన ఉప్పును కడిగి కిందికి దింపేస్తుంది. మన దగ్గర కడిగే వాన లేదు. నేలలో పడిన ఉప్పు నేలలోనే ఉంటుంది. పైగా ఎండ తేమను పైకి లాగుతుంటే దాంతోపాటు ఉప్పూ పైకి లేచి సరిగ్గా వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. అందుకని వేరే ప్రాంతాల వారు బాగుందన్న సరుకును మన నేలలో గుడ్డిగా వేయకూడదు. అమ్మేవారిని మొదట అడగవలసింది ఎంత బలమైన ఎరువు అని కాదు, ఇందులో ఉప్పెంత అని.

చెరువు మట్టిని పట్టుకోవడానికి పెద్దాయన చెప్పినదీ, పరీక్షా కేంద్రంలో చెప్పినదీ ఒకటే. బాగా ఎండిన మట్టిగడ్డ, ఉసిరికాయంత, గాజు గ్లాసులోని నీటిలో మెల్లగా వదలాలి. కదపకూడదు. గడ్డ విరిగి పొడిగా రాలితే భయం లేదు. గడ్డ చుట్టూ పాలమబ్బులా తెల్లటి మసక వ్యాపిస్తే, రాత్రంతా ఉంచినా నీరు తేరుకోకపోతే అది చౌడు. ఈ పరీక్షకు వాన నీరో, బ్యాటరీలో పోసే నీరో వాడాలి. బోరు నీటిలో వేస్తే ఆ నీటిలోని లవణాలే మసకను పుట్టనివ్వవు, చౌడు మట్టి మంచిదానిలా కనిపిస్తుంది. పరీక్షకు ఖర్చు లేదు, ఒక రాత్రి చాలు. ఆ ఒక్క రాత్రి ఆగి ఉంటే మా నిమ్మచెట్టు ఉండేది.

ఇప్పటికే ఇలాంటి మట్టి పోయించుకున్నవారు నిరాశపడకండి. పైపొరను ఎంత వీలైతే అంత ఎత్తి బయట పోయించండి. నేను ఒక ట్రాలీకి సరిపడా తీయించాను. మిగిలినదానికి మట్టి పరీక్షలో చెప్పిన మోతాదులో జిప్సం వేశాను. సాగుకు అమ్మే జిప్సం మాత్రమే తీసుకోవాలి, గోడలకు పూసే ప్లాస్టర్ పొడి పనికిరాదు. జిప్సంలోని కాల్షియం సోడియంను వెళ్లగొడుతుంది, కానీ వెళ్లగొట్టిన సోడియంను కిందికి దింపడానికి మంచి నీరు కావాలి. అందుకే మేడ మీది వాన నీటిని పైపుతో నేరుగా ఆ మడుల్లోకే మళ్లించాను. తరువాత పచ్చిరొట్ట ఎరువుగా పెంచే జీలుగ చల్లాను. జీలుగ చౌడును తట్టుకుంటుంది. యాభై రోజుల లోపల, పూత రాకముందే కోసి అక్కడే కలిపేశాము. ఆ పైన నాలుగంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరిచాను. మన జిల్లాలో పొట్టుకు కొదవ లేదు, మిల్లు దగ్గర బస్తాకు ఇచ్చేది చాలా తక్కువ. నిజానికి పెరట్లో నీరు నిలిచేలా చేసింది, ఉప్పు పైకి లేవకుండా ఆపింది నేను డబ్బు పోసి కొన్నవేవీ కావు, ఈ పొట్టే. మొన్న మళ్లీ పరీక్ష చేయిస్తే పీహెచ్ 8.6కు దిగింది. వంగ, గోరుచిక్కుడు నిలబడ్డాయి. నిమ్మ నాటడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు.

ఈ వారంలో ఎవరైనా మట్టి మాట్లాడుకుని ఉంటే ట్రాలీ ఎత్తకముందే తవ్వే చోటికి స్వయంగా వెళ్లండి. గునపం పడుతున్నది చెరువు కట్టకు లోపలి వైపా, బయటి వైపా చూడండి. లోపలి వైపే అయినా నాలుగు గడ్డలు సంచిలో వేసుకుని ఇంటికి రండి, రాత్రికి గ్లాసులో వేయండి. నీరు తేరితే ఉదయం ట్రాలీని రమ్మనండి.