జనాన్ని లెక్కపెట్టడంలో ఏ దారి మేలు: ఘనాదా, నైజీరియాదా, ఉపగ్రహాలదా?

2011 జనాభా లెక్కలప్పుడు అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్ళో నాకు ఎన్యూమరేటర్ డ్యూటీ పడింది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఒక మామ్మని వయసెంతని అడిగాను. "నాకేం తెలుసు బాబూ, ఉప్పెనప్పుడు మా పెద్దాడు చంకలో ఉన్నాడు" అంది. ఉప్పెన అంటే 1977 నవంబరు. పెళ్ళి ఎప్పుడైంది, ఎన్నేళ్ళకి కొడుకు పుట్టాడు అని అడుగుతూ, వేళ్ళ మీద లెక్కగట్టి 54 అని రాశాను. ఇంటికి వచ్చాక కూడా ఆ 54 సరైనదేనా అని మనసు పీకుతూనే ఉంది.

తర్వాత పశ్చిమ ఆఫ్రికా జనాభా లెక్కల గురించి చదువుతుంటే ఆ మామ్మే గుర్తొచ్చింది. ఘనాలో అకాన్ కుటుంబాల్లో బిడ్డకి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ, శనివారం పుడితే క్వామే. అంటే పెద్దాయన ఏ వారం పుట్టాడో పేరే చెప్పేస్తుంది, ఏ సంవత్సరమో మాత్రం చెప్పదు. అక్కడి ఎన్యూమరేటర్ కూడా అందరికీ గుర్తుండే సంఘటనలు పట్టుకునే వయసు రాబట్టాలి. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. 1983లో కరువు వచ్చింది.

ఆ 1983 ఇంకో రకంగానూ మరిచిపోలేని ఏడు. కాగితాలు లేని విదేశీయులంతా వెళ్ళిపోవాలని జనవరిలో నైజీరియా ప్రకటించింది. సుమారు పది లక్షలమంది ఘనా వాళ్ళు కొద్ది వారాల్లో మూటాముల్లె సర్దుకుని బయల్దేరారు. మన రైల్వే స్టేషన్లలో కనిపించే గళ్ళ ప్లాస్టిక్ సంచీ లాంటిదే వాళ్ళ చేతుల్లో ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటికీ ఆ సంచీని "ఘనా మస్ట్ గో" అనే పిలుస్తారు, అంటే ఘనా వాళ్ళు పోవాల్సిందే అని. అంతకుముందు 1969లో ఘనా కూడా నైజీరియన్లని ఇలాగే పంపేసింది. జనం ఇలా కదిలిపోతుంటే ఏ దేశంలో ఎంతమంది ఉన్నారన్నది కాగితం మీది అంకెగా మిగలదు, బతుకు సమస్య అవుతుంది.

ఆ మరుసటి ఏడు, 1984లో, ఘనా జనాన్ని లెక్కపెట్టింది. ఒక కోటి 23 లక్షలు అని తేలింది. తర్వాత 2000లో, 2010లో, 2021లో లెక్కపెట్టింది. నైజీరియా చివరిసారి లెక్కపెట్టింది 2006లో. ఒకప్పుడు రెండూ బ్రిటిష్ వాళ్ళ కిందే ఉన్నాయి, రెండింటిలోనూ ఎన్నో తెగలు, రెండింటిలోనూ క్రైస్తవులూ ముస్లిములూ పక్కపక్కనే బతుకుతున్నారు. కానీ లెక్కల దగ్గర మాత్రం దారులు వేరు. ఈ మధ్య మూడో దారి కూడా వచ్చింది: ఇంటింటికీ వెళ్ళకుండా ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేయడం. ఈ మూడింట్లో ఏది మేలన్నది నాకు చిన్న ప్రశ్న కాదు. మన దగ్గర కూడా లెక్క ఆలస్యమైంది, కులం అడగాలా వద్దా అని వాదన నడిచింది, సీట్లు ఏమవుతాయోనన్న టెన్షన్ దక్షిణాదిలో ఉంది.

నైజీరియా లెక్కల చరిత్ర చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకి, 1962లో మొదటి ప్రయత్నం చేశారు. తొలి అంకెల ప్రకారం ఉత్తరాన 2 కోట్ల 25 లక్షలమంది. దక్షిణాది వాటా బాగా పెరిగినట్టు కనిపించింది. పార్లమెంటులో ఉత్తరాది ఆధిక్యం పోతుందన్న భయం మొదలైంది. మళ్ళీ తనిఖీ చేస్తే ఉత్తరాన ఇంకో 85 లక్షలమంది దొరికారన్నారు! చివరికి ఆ లెక్కనే రద్దు చేశారు. 1963లో మళ్ళీ లెక్కపెడితే దేశం మొత్తం 5 కోట్ల 57 లక్షలైంది. పదేళ్ళ కిందట సుమారు 3 కోట్లున్న జనం అంత తక్కువ కాలంలో అంతగా పెరగడం మామూలుగా జరిగే పని కాదు. అయినా ఆ అంకెనే ఖాయం చేశారు. 1967 నుంచి 1970 దాకా బియాఫ్రా యుద్ధం జరిగింది, అంటే దేశం నుంచి విడిపోతామన్న తూర్పు ప్రాంతంతో అంతర్యుద్ధం. 1973లో మళ్ళీ లెక్కపెట్టారు, దాన్నీ పక్కన పడేశారు.

ఈ దెబ్బలన్నీ తిన్నాక 1991లో ఒక నిర్ణయం తీసుకున్నారు: మతం, తెగ అడగకూడదు. 2006లోనూ అంతే. 2006కి ముందు మతం అడగకపోతే లెక్కకి సహకరించమని క్రైస్తవ సంఘాలూ, అడిగితే మేము రామని ఉత్తరాది వాళ్ళూ పట్టుబట్టారు. ప్రభుత్వం రెండు ప్రశ్నల్నీ వదిలేసింది. ఆ నిర్ణయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. తెగ పేరు మీద ఊచకోతలు, యుద్ధం చూసిన దేశం అది. తలుపు తట్టి నీదే తెగ అని అడిగే మనిషిని చూస్తే భయపడే తరం అప్పటికి ఇంకా బతికే ఉంది.

కానీ ఫలితం చూడండి. 2006 లెక్కలో దేశం మొత్తం 14,04,31,790. ఉత్తరాన ఉన్న కానో రాష్ట్రం సుమారు 94 లక్షలు, దక్షిణాన ఉన్న లాగోస్ 91 లక్షలు. లాగోస్ రాష్ట్ర ప్రభుత్వం అదే సమయంలో తను సొంతంగా లెక్కపెట్టి కోటి 75 లక్షలన్నది. దాదాపు రెట్టింపు. రెండు అంకెల్లోనూ మతం లేదు, తెగ లేదు, ఉన్నవి తలలే. గొడవ ఆ తలల మీదే. అప్పుడు లాగోస్ గవర్నర్ బోలా టినుబు. 2023 నుంచి ఆయనే దేశాధ్యక్షుడు. 2023 మేలో జరగాల్సిన లెక్కని కొద్ది రోజుల ముందు, పాత అధ్యక్షుడు దిగిపోతూ, వచ్చే ప్రభుత్వానికి వదిలి వెళ్ళారు. 2025లో దానికోసం ఒక కమిటీ వేశారు. మధ్యలో 2013లో జాతీయ జనాభా కమిషన్ ఛైర్మన్‌గా ఉన్న ఫెస్టస్ ఒడిమెగ్వు, దేశంలో నమ్మదగిన లెక్క ఏనాడూ జరగలేదని పైకే అన్నారు. కానో నుంచి పెద్ద గొడవ లేచింది, ఆయన పదవి వదులుకున్నారు.

ఎందుకింత పట్టుదల అంటే, కేంద్రం రాష్ట్రాలకి పంచే డబ్బులో 30 శాతం జనాభాని బట్టే వెళ్తుంది. పార్లమెంటు దిగువ సభ సీట్లు కూడా జనాభాని బట్టే. చమురు డబ్బు మీద బతికే రాష్ట్రానికి జనం ఎంతమంది అంటే వాటా ఎంత అని అర్థం. అసలు మంట అక్కడుంటే, ప్రశ్నపత్రంలోంచి రెండు ప్రశ్నలు తీసేస్తే ఎలా ఆరుతుంది? పైగా అడగనందువల్ల ఇంకో నష్టం జరిగింది. నైజీరియాలో ముస్లిములు ఎంతమంది, క్రైస్తవులు ఎంతమంది అన్నదానికి ప్రభుత్వ అంకె లేదు. ఎవరికి వారు మేమే ఎక్కువ అనుకుంటారు, కాదనడానికి కాగితం లేదు.

ఇప్పుడు ఘనా సంగతి. 2020లో జరగాల్సిన లెక్క కోవిడ్ వల్ల వెనక్కి జరిగి 2021 జూన్‌లో మొదలైంది. మొదటిసారి ట్యాబ్‌లతో చేశారు. ముందు కట్టడాలన్నీ తిరిగి ఒక్కోదానికి నంబరు వేశారు. జూన్ 27 రాత్రిని లెక్కల రాత్రిగా పెట్టుకున్నారు. ఆ రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్క. అక్రా మార్కెట్లలో నెత్తిన తట్టతో సామాను మోసే అమ్మాయిలుంటారు, కయాయే అంటారు. చాలామంది ఉత్తరాది పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, దుకాణాల ముందు, ఆరుబయట పడుకుంటారు. ఇల్లు లేని ఇలాంటివాళ్ళ దగ్గరికి, బస్సు స్టేషన్లలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఆ రాత్రే వెళ్ళాలి. 2011 ఫిబ్రవరి 28 రాత్రి నేనూ టార్చి పట్టుకుని బస్టాండులో తిరిగాను. గోనెపట్టా కప్పుకుని పడుకున్న మనిషిని లేపి పేరు అడిగితే, "నన్నెందుకు బాబూ రాయడం" అన్నాడు. రాశాను. ఆ పని ఏ ఉపగ్రహమూ చేయలేదని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఘనా లెక్క 3,08,32,019 అని తేలింది. తెగ అడిగారు: అకాన్ 45.7 శాతం, మోలే దగ్బానీ 18.5, ఎవే 12.8, గా దంగ్మే 7.1. మతం అడిగారు: క్రైస్తవులు 71.3 శాతం, ముస్లిములు 19.9. 2010లో ముస్లిములు 17.6 శాతం ఉండేవాళ్ళు. గ్రేటర్ అక్రా ప్రాంతం 54,55,692 మందితో అషాంటీ ప్రాంతాన్ని 15,229 మంది తేడాతో దాటింది. అషాంటీ ముఖ్యపట్టణం కుమాసీ వాళ్ళు తమ ప్రాంతమే పెద్దదని గర్వంగా చెప్పుకునేవాళ్ళు. అదే 15 వేల తేడా నైజీరియాలో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఘనాలో అంతా సాఫీగా జరిగిందని చెప్పను. 2000 లెక్కలప్పుడు తమని తక్కువ చేసి చూపారని ముస్లిం సంఘాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. అయితే అక్కడ పట్టుకుని వాదించడానికి ఒక అంకె ఉంది, పదేళ్ళకి మళ్ళీ సరిచూసుకునే అవకాశం ఉంది. ఇంకో మాట. ఘనా చిన్న దేశం, చమురు డబ్బుని రాష్ట్రాలు పంచుకునే ఫెడరల్ వ్యవస్థ కాదు. తల లెక్క మీద పందెం అంత పెద్దది కాదు. ఈ తేడాని పక్కనపెట్టి "ఘనా వాళ్ళు బుద్ధిమంతులు, నైజీరియా వాళ్ళు కాదు" అనడం అన్యాయం.

వరసగా లెక్కపెట్టినందుకు ఘనాకి దక్కింది ఏమిటంటే, తనలో వస్తున్న మార్పు తనకి కనిపిస్తోంది. 2000లో పదిహేనేళ్ళలోపు పిల్లలు 41.3 శాతం, 2021లో 35.3. ఒక్కో ఇంట్లో సగటున 2010లో 4.4 మంది, 2021లో 3.6. ఎక్కడ బడి కట్టాలి, ఎక్కడ ఉద్యోగాల గురించి ఆలోచించాలి అన్నది ఈ అంకెలు చెబుతాయి. నైజీరియా దగ్గర నమూనా సర్వేలున్నాయి, మంచివే. ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 2018లో 5.3, 2023-24లో 4.8 అని వాటి వల్లే తెలిసింది. కానీ ఏ వీధుల్లో సర్వే చేయాలో ఎంచుకోవడానికి కూడా 2018లో 2006 నాటి లెక్కల జాబితానే ఆధారం.

ఇక మూడో దారి. దీన్ని తక్కువ చేయను, ఎందుకంటే ఇది పిల్లల ప్రాణాలతో ముడిపడింది. ఉత్తర నైజీరియాలో పోలియో చుక్కలు వేసేవాళ్ళు చేత్తో గీసిన పటాలు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఉపగ్రహ చిత్రాలు చూస్తే ఆ పటాల్లో లేని పల్లెలు బయటపడ్డాయి. ఈశాన్యాన ఉన్న బోర్నో రాష్ట్రంలో బోకో హరామ్ తీవ్రవాదుల వల్ల అడుగు పెట్టలేని చోట్ల ఏ గుడిసెల్లో జనం ఉన్నారు, చుక్కలు అందని పిల్లలు ఎంతమంది ఉండొచ్చు అన్నది పైనుంచే అంచనా వేశారు. ఆఫ్రికాలో సహజ పోలియో వైరస్ పోయిందని 2020 ఆగస్టులో ప్రకటించారు. అందులో ఆ చిత్రాలకీ వాటా ఉంది. ఘనా పక్కనున్న బుర్కినా ఫాసో 2019 లెక్కల్లో, భద్రత లేక వెళ్ళలేని ఊళ్ళని ఈ పద్ధతితోనే పూరించింది.

అయితే పైకప్పుల్ని లెక్కపెట్టగలం కానీ, ఆ కప్పు కింద ఇద్దరున్నారా పన్నెండుమందా అన్నది కొన్ని ఇళ్ళకైనా వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. లాగోస్‌లో అంతస్తుల మీద అంతస్తులు, గదికో కుటుంబం. అంచనా మీదే కూర్చుంటే ఏమవుతుందో నైజీరియా ఒకసారి చూసింది కూడా. 1991కి ముందు జనం 11 కోట్లు దాటి ఉంటారని అందరూ అనుకున్నారు. లెక్కపెడితే 8 కోట్ల 90 లక్షలకి మించలేదు. పాత అంకె తప్పయితే దాని మీద వేసిన అంచనాలన్నీ తప్పే. ఇవాళ ఐక్యరాజ్యసమితి నైజీరియాకి చెప్పే 23 కోట్ల పైచిలుకు అంకెని చూసినప్పుడల్లా నాకు ఆ 1991 గుర్తొస్తుంది.

అందుకే నా ఓటు ఘనా దారికే. ఇంటికి వెళ్ళాలి, అన్నీ అడగాలి, వచ్చిన అంకెని బయటపెట్టాలి, పదేళ్ళకి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళడానికి వీల్లేని చోటికే ఉపగ్రహం. నైజీరియా ఆ దారికి రావాలంటే మతం అడగాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు డబ్బుకీ తలలకీ మధ్య ముడిని కొంత వదులు చేయాలి. మన దేశం 1971 లెక్కల దగ్గర లోక్‌సభ సీట్ల వాటాల్ని దశాబ్దాలపాటు ఆపేసింది. దాని బాకీ ఇప్పుడు దక్షిణాదిని భయపెడుతున్న మాట నిజమే. కానీ ఇన్నేళ్ళలో జనాభాని పెంచి చూపిస్తే సీట్లు పెరుగుతాయన్న ఆశ ఏ రాష్ట్రానికీ లేకుండా పోయింది. కొత్త లెక్క వచ్చినా పదేళ్ళపాటు వాటాలు కదలవు అని నైజీరియా రాజధాని అబుజాలోని కేంద్రం ముందే చట్టం చేస్తే, కానోకీ లాగోస్‌కీ అంకె పెంచుకోవాల్సిన తొందర తగ్గుతుందని నా నమ్మకం.

అప్పటిదాకా ఎవరైనా ఈ దేశాల జనాభా గురించి రాయాల్సి వస్తే, ఘనాకి 2021 అంకె ధైర్యంగా రాయండి. నైజీరియా అంకె పక్కన "అంచనా" అన్న మాట తప్పకుండా పెట్టండి. 2006 మార్చి తర్వాత పుట్టిన ఏ ఒక్క బిడ్డనీ ఆ దేశం ఇంతవరకు ఇంటికి వెళ్ళి లెక్కలో రాసుకోలేదు. వాళ్ళలో అందరికంటే పెద్దవాళ్ళకి 2024లోనే ఓటు వయసు వచ్చింది.