కాశీ యాత్ర రైలు: భోజనం బాగుంది, బాధ్యత ఎవరిదో తేలలేదు

మొన్న ఏప్రిల్‌లో మా అమ్మను వెంటబెట్టుకుని ఒక ప్రైవేటు యాత్రా రైల్లో కాశీ వెళ్ళి వచ్చాను. విశాఖపట్నంలో ఎక్కించుకుని కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ చూపించి మళ్ళీ విశాఖలోనే దింపే యాత్ర అది. థర్డ్ ఏసీలో ఇద్దరికీ కలిపి 62,000 రూపాయలయింది. మూడు పూటల తిండి, బస, స్టేషన్ల నుంచి గుళ్ళకు బస్సులు, ప్రయాణ బీమా అన్నీ అందులోనే. నిర్వాహక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న లోపం ఆ ఒక్క సంస్థకే పరిమితమైనది కాదని, ప్రయాణికుల రైళ్ళను ప్రైవేటు వారికి అప్పగించే ఒప్పందాల్లోనే దాని వేరు ఉందని తిరిగి వచ్చేసరికి నాకు గట్టిగా అనిపించింది.

ముందు బాగున్నవి చెప్పాలి. తెల్లవారి ఆరు గంటలకే జ్ఞానాపురం వైపు గేటు దగ్గర సంస్థ మనుషులు నిలబడి, పెద్దవాళ్ళ సామాను తామే అందుకుని, బెర్తు దాకా వచ్చి కూర్చోబెట్టి వెళ్ళారు. దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు. మరుగుదొడ్లు రోజుకు మూడుసార్లు కడిగారు, నీళ్ళు ఒక్కసారి కూడా ఆగలేదు. వంటవాళ్ళు మన వైపు వారే కావడంతో ముద్దపప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు ఇంటి రుచితోనే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి ముట్టనివారికి గిన్నెలు కూడా వేరు చేసి వండారు. బయట తిండికి వంకలు పెట్టడంలో మా అమ్మ తరువాతే ఎవరైనా. అటువంటి మనిషి మొదటి రోజు మధ్యాహ్నం పప్పు రెండోసారి అడిగి వేయించుకుంది. గయలో పిండప్రదానానికి పురోహితుణ్ణి కుదర్చడం దగ్గర నుంచి, నడవలేనివారికి చక్రాల కుర్చీ తెప్పించడం దాకా సంస్థ కుర్రాళ్ళు పడిన శ్రమను తక్కువ చేసి చెప్పలేను.

రెండో రాత్రి పదకొండు దాటాక మా పెట్టెలో ఏసీ ఆగిపోయింది. పగలంతా ఎండలో కాగిన పెట్టె అది, కిటికీలు తెరుచుకునేవి కావు. పావుగంటలో గాలి బరువెక్కింది. లడ్డూ పెట్టెల అట్టమూతలు విసనకర్రలయ్యాయి. పక్క బెర్తులో నాలుగేళ్ళ పాపకు జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోతే, మా అమ్మ తువ్వాలు తడిపి తుడుస్తూ కూర్చుంది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు చివరి తలుపు తెరిచి, ఎవరూ అటు రాకుండా తానే అడ్డంగా నిలబడ్డారు. కదిలే రైలుకు అర్ధరాత్రి తలుపు తెరిచి ఉంచడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలియనిది కాదు, కానీ లోపల ఊపిరాడడం లేదు.

మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు వచ్చి, "కోచ్ రైల్వే వాళ్ళదండీ, ఏసీ బాగుచేయడం మా చేతిలో లేదు" అన్నాడు. ప్రయాణానికి ముందు ఇచ్చిన కాగితంలో రైల్లోనే ఏసీ మెకానిక్ ఉంటాడని రాసి ఉంది. అతను ఎక్కడని అడిగితే ఈ ట్రిప్పుకు రాలేదన్నాడు. అప్పుడు మా అమ్మ, "టిక్కెట్టు డబ్బులు మీరే కదా బాబూ పుచ్చుకున్నారు, మరి ఇప్పుడు ఇంకొకళ్ళ పేరు చెప్తారేటి?" అని అడిగింది. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ కుర్రాడి దగ్గర సమాధానం లేదు. రెండున్నర గంటల తరువాత ఒక పెద్ద స్టేషనులో రైల్వే టెక్నీషియన్ ఎక్కి ఇరవై నిమిషాల్లో బాగుచేసి దిగిపోయాడు. విశాఖ వచ్చాక పరిహారం కోసం రాస్తే, సాంకేతిక లోపాలు తమ పరిధిలోకి రావంటూ షరతుల కాగితంలోని ఒక వాక్యాన్ని సంస్థ తిరిగి నాకే పంపింది.

ఏసీ ఆగి ఉన్న ఆ రెండున్నర గంటల్లోనే పెట్టెలో వాదన మొదలైంది. "ప్రైవేటు చేతికిస్తే ఇలాగే ఉంటాది బాబూ" అన్నారు ఉక్కు ఫ్యాక్టరీ పెద్దాయన. 2021 జనవరి 27న ఆ ఫ్యాక్టరీలో వాటాలన్నీ అమ్మేయడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన నాటి నుంచి మన ఊళ్ళో ప్రైవేటు అన్న మాట ఎంత మంట పుట్టిస్తుందో తెలిసిందే కాబట్టి, ఆయన బాధ నాకు అర్థమయింది. కురుపాం మార్కెట్‌లో దుకాణం ఉన్న ఒకాయన ఒప్పుకోలేదు. "గవర్నమెంటు బండిలో అయితే ఏసీ ఆగదేటండీ? కనీసం ఇక్కడ తిండైనా బాగుంది" అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ మా అమ్మ అడిగిన ప్రశ్నకు ఈ రెండింటిలో ఏదీ జవాబు కాదు.

ఇటువంటి రైళ్ళు ఏ పద్ధతిలో నడుస్తాయో టిక్కెట్టు కొనేవారు తెలుసుకోవడం మంచిది. 2021 నవంబరులో కేంద్రం, యాత్రా రైళ్ళను బయటి నిర్వాహకులు నడుపుకునే భారత్ గౌరవ్ పథకాన్ని ప్రకటించింది. దాని ప్రకారం నిర్వాహకులు 14 నుంచి 20 పెట్టెల రేక్‌ను, అంటే కలిపి కట్టిన పెట్టెల వరుసను, రైల్వే నుంచి తీసుకుని, దాన్ని వాడుకున్నందుకు, లాగినందుకు, నిలిపి ఉంచినందుకు రుసుములు కడతారు. యాత్ర ఎటు, ప్యాకేజీ ధర ఎంత అన్నది వారిష్టం. ఇంజను, డ్రైవరు, పట్టాలు, సిగ్నళ్ళు రైల్వేవి. తిండి, పరిశుభ్రత, అతిథి మర్యాద నిర్వాహకులవి. 2022 జూన్‌లో కోయంబత్తూరు నుంచి షిర్డీకి వెళ్ళిన రైలుతో ఇది మొదలైంది. కాగితం మీద పని ఇలా గీత గీసినట్టు స్పష్టంగానే పంచుకున్నట్టు కనిపిస్తుంది. కానీ ప్రయాణికుడికి జరిగే నష్టం ఆ గీతకు అటో ఇటో మాత్రమే పడదు. చాలాసార్లు సరిగ్గా గీత మీదే పడుతుంది.

బ్రిటన్ ఈ గీతతోనే పాతికేళ్ళు అవస్థపడింది. 1993 రైల్వే చట్టంతో అక్కడ పట్టాలను ఒక సంస్థకు, పెట్టెలను అద్దెకిచ్చే కంపెనీలకు, ప్రయాణికుల రైళ్ళను ఫ్రాంచైజీ, అంటే ఒక మార్గంలో కొన్నేళ్ళపాటు రైళ్ళు నడిపే హక్కు, పొందిన సంస్థలకు విడదీసి ఇచ్చారు. ఫ్రాంచైజీ రైళ్ళు 1996లో పరుగు మొదలుపెట్టాయి. రైలు ఆలస్యమైతే అది ఎవరి తప్పన్నది తేల్చి ఒకరికొకరు పరిహారం చెల్లించుకోవడానికి ప్రత్యేకంగా ఉద్యోగులను పెట్టుకోవాల్సి వచ్చింది. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర పగుళ్ళిచ్చిన పట్టా విరిగి రైలు పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. పట్టాల ప్రైవేటు సంస్థ రైల్‌ట్రాక్ మరుసటి ఏడాదే కుప్పకూలింది. పట్టాలు ప్రభుత్వ అండ ఉన్న నెట్‌వర్క్ రైల్ సంస్థ చేతికి వచ్చాయి, రైళ్ళు నడపడం మాత్రం ఫ్రాంచైజీల చేతిలోనే కొనసాగింది.

ఆ ఫ్రాంచైజీలను ఎవరికి, ఏ లెక్కన ఇవ్వాలన్న దగ్గరే అసలు రభస జరిగింది. 2012 ఆగస్టులో లండన్ నుంచి మాంచెస్టర్, గ్లాస్గో వైపు వెళ్ళే వెస్ట్ కోస్ట్ మార్గాన్ని, అప్పటిదాకా నడుపుతున్న వర్జిన్‌ను కాదని, ఫస్ట్‌గ్రూప్‌కు ఇస్తున్నట్టు అక్కడి రవాణా శాఖ ప్రకటించింది. మార్గం తమకిస్తే ప్రభుత్వానికి ఎక్కువ సొమ్ము కడతామని ఫస్ట్‌గ్రూప్ అంది. ఆ సొమ్ములో పెద్ద భాగం ఒప్పందం చివరి ఏళ్ళలో, ప్రయాణికులు బాగా పెరుగుతారన్న అంచనా మీద రావలసినది. ఆ అంచనా తప్పితే సంస్థ మధ్యలో వదిలేసి పోకుండా ఎంత పూచీ కట్టించుకోవాలన్నది అధికారులు లెక్కగట్టాలి. ఆ లెక్కలోనే తప్పు చేశారు. వర్జిన్ కోర్టుకెక్కింది, లక్షన్నరకు పైగా ప్రజలు అర్జీ మీద సంతకాలు చేశారు, అక్టోబరు 3న ప్రభుత్వం తన నిర్ణయాన్ని తానే రద్దు చేసుకుంది. పన్ను కట్టేవారి మీద పడిన భారం కనీసం 5 కోట్ల పౌండ్లు.

లండన్ నుంచి ఎడిన్‌బరోకు వెళ్ళే ఈస్ట్ కోస్ట్ మార్గం కథ ఇంతకన్నా నేర్పుతుంది. 2006లో ఒక సంస్థ, 2009లో మరొకటి, 2018లో ఇంకొకటి, కడతామన్న సొమ్ము కట్టలేక చేతులెత్తేశాయి. మధ్యలో 2009 నుంచి 2015 వరకు అదే మార్గాన్ని ప్రభుత్వ సంస్థ నడిపి, ఖజానాకు సుమారు 100 కోట్ల పౌండ్లు జమచేసింది. లాభం వచ్చినన్నాళ్ళు నడిపి, నష్టం రాగానే తాళాలు ప్రభుత్వానికి అప్పగించి వెళ్ళిపోయే వీలుంటే, దాన్ని వ్యాపార సాహసం అనడానికి నాకు మనసొప్పడం లేదు. కోవిడ్ కాలంలో ఫ్రాంచైజీ పద్ధతికే మంగళం పాడారు. 2024 నవంబరులో రైళ్ళను ప్రభుత్వపరం చేసే చట్టం వచ్చింది, 2025 మే 25న సౌత్ వెస్టర్న్ రైల్వేతో ఆ పని మొదలైంది.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం 2020 జూలైలో జరిగింది. 12 క్లస్టర్లుగా విడదీసిన 109 మార్గాల్లో 151 రైళ్ళను 35 ఏళ్ళపాటు ప్రైవేటు సంస్థలకు ఇవ్వాలని, సుమారు 30,000 కోట్ల పెట్టుబడి రావాలని రైల్వే శాఖ ఆశించింది. సికింద్రాబాద్ క్లస్టర్‌లో విశాఖ మీదుగా వెళ్ళే మార్గాలూ ఉన్నాయి. ఏడాది తిరిగాక బిడ్లు తెరిస్తే మూడే క్లస్టర్లకు వచ్చాయి. వేసినవి రెండే సంస్థలు, వాటిలో ఒకటి రైల్వే సొంత సంస్థ ఐఆర్‌సీటీసీ. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. నాకు తోచిన కారణం ఇది: పట్టాలు రైల్వేవి, పోటీ రైళ్ళు రైల్వేవి, తగవు వస్తే తీర్పు చెప్పగల స్వతంత్ర నియంత్రణ సంస్థ లేదు. పెట్టుబడి పెట్టేవాడికీ అక్కడ భరోసా లేదు, టిక్కెట్టు కొనేవాడికీ లేదు.

ఐఆర్‌సీటీసీ 2019 అక్టోబరులో లక్నో–ఢిల్లీ తేజస్ రైలును తానే నడపడం మొదలుపెట్టినప్పుడు రైలు గంటకు మించి ఆలస్యమైతే 100, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. తప్పు ఎవరిదని ప్రయాణికుణ్ణి అడగకుండా, డబ్బు పుచ్చుకున్నవాడే జవాబు చెప్పే పద్ధతి అది. ఈ వివాదం మొత్తంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన ఏర్పాటు అదొక్కటే. 2024 ఫిబ్రవరిలో ఆ పరిహారాన్ని ఆపేశారు. సంస్థ తనంతట తాను ఇచ్చిన మాటను తనంతట తానే వెనక్కి తీసుకోగలిగింది. ఒప్పందంలో షరతుగా ఉంటే ఆ వీలుండేది కాదు.

మన స్టేషనులోనే ఇంకో సంగతి గమనించవచ్చు. కిరండూల్ ప్యాసింజర్‌కు 2017 ఏప్రిల్ నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు. బొర్రా, అరకు చూడడానికి వెళ్ళేవాళ్ళు అందులో కూర్చుంటే, వెనుక మామూలు పెట్టెల్లో మూటలతో, కోళ్ళ గంపలతో సంతలకు వెళ్ళే మన్యం జనం కూర్చుంటారు. రెండింటినీ లాగేది ఒకే ఇంజను. ఈ అద్దాల పెట్టెను విడదీసి వేలం వేస్తే పాటదారులు బారులు తీరతారు. మామూలు పెట్టెలకు ఒక్కరూ రారు. బ్రిటన్‌లో లాభం లేని మార్గాలను కూడా ఫ్రాంచైజీల్లో కలిపి, సబ్సిడీ ఇచ్చి నడిపించారు. ఇక్కడ 2020 జాబితాలో ఉన్నవి గిరాకీ ఉన్న మార్గాలు. పలాస ప్యాసింజర్‌లో రోజూ పనికి వచ్చే మనిషి గురించి ఆ పత్రాల్లో ఆలోచన లేకపోవడం నాకు బాధ కలిగించింది. దక్షిణ కోస్తా రైల్వే జోన్ మన ఊరు కేంద్రంగా రూపుదిద్దుకుంటున్న ఈ సమయంలో, విశాఖ వాళ్ళు అడగవలసిన విషయాల్లో ఇది మొదటి వరుసలో ఉండాలి.

ఈ యాత్రా రైలుకు అయిదు నక్షత్రాల్లో మూడు ఇస్తున్నాను. ఆ మూడూ వంటవాళ్ళకు, శుభ్రం చేసినవాళ్ళకు, గయలో మా అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపిన కుర్రాడికి చెందుతాయి. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు చలికాలపు ట్రిప్పు ఎంచుకోండి. మెకానిక్ ఎక్కాడో లేదో బయలుదేరేముందే కనుక్కోండి, షరతుల కాగితం చివరి పేజీ దాకా చదవండి. మా అమ్మ ఇప్పుడు రామేశ్వరం అంటోంది. అదే సంస్థకు ఫోన్ చేసి, దారిలో ఏసీ ఆగితే పెట్టె ఎవరిదైనా సరే జవాబుదారీ తమదేనని రాసి ఇవ్వగలరా అని అడిగాను. పై వాళ్ళను కనుక్కుని చెప్తామన్నారు. ఆ కాగితం చేతికి వస్తే రెండు టిక్కెట్లు తీసుకుంటాను.