డాలియా దుంపలు: కుండీలోనే ఉంచాలా, తవ్వి దాచాలా?

చలి దేశాల్లో నేల గడ్డకట్టకముందే డాలియా దుంపల్ని తవ్వి దాస్తారు, మన హైదరాబాద్‌లో లెక్క వేరు. ఇక్కడ చలికాలమే అది పూసే కాలం, దుంపని గట్టెక్కించాల్సింది మే ఎండల నుంచీ, ఆ వెంటనే వచ్చే వానల నుంచీ.

కుండీలోనే ఉంచేయడం తేలిక. ఆకులు పసుపెక్కగానే నీళ్లు తగ్గించి, కాడ ఎండాక నాలుగు అంగుళాలు వదిలి కోసేసి, కుండీని జల్లు తగలని నీడలోకి జరిపితే చాలు. డాబా మీద మాత్రం వదలొద్దు, 40 డిగ్రీల ఎండకి నల్ల ప్లాస్టిక్ కుండీలో దుంప ఉడికిపోతుంది. ఒక్క పెద్ద వానకి మట్టి నానిపోయినా కుళ్లు పడుతుంది, పైకి ఏమీ తెలియదు కూడా.

తవ్వితే పని ఎక్కువే, కానీ దుంప ఎలా ఉందో కళ్లకి కనిపిస్తుంది. మట్టి దులిపి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేసిన అట్టపెట్టెలో ఇంట్లో చల్లటి మూల పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే చెమ్మ పట్టి బూజొస్తుంది. నెలకోసారి చూసి, ముడతలు పడితే కాసిని నీళ్లు చిలకరించండి, మెత్తబడ్డ భాగం కోసేయండి. తవ్వేటప్పుడు దుంప మెడ విరగకుండా చాలా జాగ్రత్త, ఎందుకంటే మొలకొచ్చే కన్ను కాడ మొదట్లో ఉంటుంది, అది లేని దుంప ఎంత లావున్నా మొలవదు.

నా ఓటు తవ్వడానికే, ముఖ్యంగా మళ్లీ దొరకని రంగులకి. వాన పడని బాల్కనీ ఉంటే మాత్రం కుండీలోనే ఉంచేయండి. ఎలా దాచినా, అక్టోబర్‌లో వానలు తగ్గాక కొత్త మట్టిలో నాటండి.