ఇంటి పనుల మధ్యే పిల్లలకు నేర్పించడం: ప్రపంచ ఆరోగ్య సంస్థ శిక్షణపై ఒక తల్లి సమీక్ష

ఆటిజం ఉన్న పసిపిల్లలను థెరపీకి తిప్పే తల్లిదండ్రులందరికీ ఒక విషయం తెలుసు. పిల్లవాడు కేంద్రంలో గడిపేది వారానికి కొన్ని గంటలే, మిగిలిన సమయమంతా ఇంట్లోనే ఉంటాడు. ఆ సమయంలో ఏం చేయించాలని అడిగితే, ‘ఇంట్లో కూడా ప్రాక్టీస్ చేయించండి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం మేము వెళ్లిన చోట్ల మామూలే. ఎలా చేయించాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, పిల్లవాడు వినకపోతే ఏం చేయాలో విడమరచి చెప్పేవారు దొరకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సంరక్షకుల నైపుణ్య శిక్షణ సరిగ్గా ఆ ప్రశ్నకే సమాధానం చెబుతుంది. దాని ఆన్‌లైన్ కోర్సు 2022లో ఆ సంస్థకే చెందిన ఓపెన్‌డబ్ల్యూహెచ్‌వో అనే ఆన్‌లైన్ పాఠాల వేదికపై ఉచితంగా విడుదలైంది. నాలుగేళ్ల మా అబ్బాయి కోసం నేనూ మావారూ కలిసి దానిని పూర్తిగా చేశాము. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు దీనిని గట్టిగా సిఫారసు చేస్తాను. దాని పరిమితులు కూడా ముందే తెలుసుకుని మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఈ శిక్షణ రెండు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లల కుటుంబాల కోసం తయారైంది. ఆటిజం ఒక్కటే కాదు, ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది. డాక్టరు నిర్ధారణ పత్రం చేతికి వచ్చేదాకా ఆగనవసరం లేదన్నది దీనిలో నాకు బాగా నచ్చిన అంశం, ఎందుకంటే ఆ పత్రం కోసం తిరగడంలోనే నెలలు గడిచిపోతాయి. మూలరూపంలో ఇది తల్లిదండ్రుల బృందానికి తొమ్మిది తరగతులుగా, మూడు గృహ సందర్శనలతో నడుస్తుంది. నిపుణులు కాని వారు సైతం శిక్షణ పొంది నడపగలిగేలా దీనిని తీర్చిదిద్దారు. ముప్పైకి పైగా దేశాలలో దీనిని అమలు చేసి చూశారు. బృందానికి వెళ్లే వీలు లేని వారికి ఆన్‌లైన్ కోర్సు ఉపయోగపడుతుంది.

కోర్సు మొత్తానికీ ఆధారమైన ఆలోచన ఒక్కటే. పిల్లవాడికి నేర్పించడానికి వేరే బల్ల, వేరే గంట, ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. స్నానం, భోజనం, బట్టలు మడవడం, ఆట, ఇలా రోజూ ఎలాగూ జరిగే పనులనే నేర్పే సందర్భాలుగా మలచుకోవాలి. అందుకే మొదటి పాఠాలు మాటలు నేర్పడంతో మొదలుకావు, పిల్లవాడితో కలిసి ఒకే పనిలో కాసేపు నిమగ్నం కావడంతో మొదలవుతాయి. టీవీ ఆపి, చుట్టూ ఉన్న సామాను తీసేసి, వాడి ఎదురుగా, వాడి కళ్ల ఎత్తుకు వచ్చేలా కింద కూర్చోవాలి. వాడు దేనితో ఆడుతున్నాడో చూసి, మనమూ అదే చేయాలి. వాడు చెంచాతో గిన్నె మీద కొడితే మనమూ కొట్టాలి. ఇది చదివినప్పుడు చాలా తేలికగా అనిపిస్తుంది కానీ, ‘ఇదేంటి, అదేంటి’ అని వరుసగా ప్రశ్నలు వేయడానికి అలవాటు పడిన పెద్దవాళ్లకు నోరు మూసుకుని వాడి వెంట నడవడం అంత సులువు కాదు.

కొత్త నైపుణ్యాలు నేర్పించే పాఠం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కోర్సులో అత్యంత విలువైన భాగం అదే. ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టమంటుంది. తర్వాత పిల్లవాడు సొంతంగా చేయగలిగే మెట్లేవో, కాస్త సాయంతో చేయగలిగేవేవో, ఇంకా చేతకానివేవో వేరు చేసి, సాయంతో చేయగలిగే మెట్టును మాత్రమే పట్టుకోమంటుంది. మేము చేతులు కడుక్కోవడాన్ని ఎంచుకున్నాము. చొక్కా చేతులు మడవడం, కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు పట్టుకోవడం, రుద్దుకోవడం, కడగడం, కుళాయి కట్టేయడం, తువాలుతో తుడుచుకోవడం అని కాగితం మీద రాసుకుని గోడకు అంటించాము. నీళ్లంటే వాడికి ప్రాణం, ధార కింద వేళ్లు పెట్టి ఎంతసేపైనా చూస్తూ నిలబడతాడు. కాబట్టి తడపడం వాడికి నేర్పనక్కర్లేదు. సబ్బు జారితే మాత్రం విసిగిపోయి వెళ్లిపోతాడు. ఈ రెండింటి మధ్య, తుడుచుకోవడం మాకు అనువుగా కనబడింది.

తువాలును వాడి భుజం ఎత్తున ఒక మేకుకు తగిలించాము. మొదట్లో వాడి రెండు చేతులనూ నా చేతులతో పట్టుకుని తుడిపించేదాన్ని. ఆ తర్వాత మోచేతిని మాత్రం తాకి వదిలేదాన్ని. ఇప్పుడు తువాలు వైపు వేలు చూపి, ‘తుడుచుకో’ అని ఒక్క మాట అని ఆగుతాను. పట్టుకుని చేయించడం, చేసి చూపించడం, చెప్పడం అనే ఈ సాయాలను అవసరమైనంత మేరకే ఇచ్చి క్రమంగా తగ్గించుకుంటూ రావాలన్నది కోర్సు సారాంశం. చెప్పిన తర్వాత ఆగి ఎదురుచూడాలన్నది కూడా దానిలో భాగమే, తల్లులకు అన్నిటికన్నా కష్టం అదే. వాడు తువాలు లాక్కుని అరచేతులు తుడుచుకుంటాడు, చేతుల వెనుక భాగం తడిగానే ఉంటుంది. అయినా ‘భలే, చేతులు తుడుచుకున్నావు!’ అని చేసిన పని పేరు చెప్పి మరీ మెచ్చుకుంటాము. ‘గుడ్ బాయ్’ అని ఊరుకుంటే ఏ పని బాగా చేశాడో వాడికి తెలియదు కాబట్టి, ఇలా చెప్పడంలో అర్థముంది.

మాటలకు, సంభాషణకు సంబంధించిన పాఠాలు మా ఇంట్లో పెద్ద చర్చకు దారితీశాయి. మాట రాని పిల్లవాడు కూడా చూపుతో, చేష్టతో, చెయ్యి పట్టి లాగడంతో ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడనీ, ఆ ప్రతి ప్రయత్నానికీ మనం స్పందించాలనీ కోర్సు చెబుతుంది. వాడు అడిగే అవకాశాన్ని కల్పించమని కూడా చెబుతుంది. జంతికలను బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించి ఇస్తే, వాడు దానిని ఎవరో ఒకరి దగ్గరికి తీసుకురాక తప్పదు. మా అత్తగారికి ఇది మొదట అన్యాయంగా తోచింది. ‘పసివాడు నోరు తెరిచి అడగలేడనే కదమ్మా ముందే పెడుతున్నాను’ అన్నారు. ‘అడగందే అమ్మైనా పెట్టదు అంటారు కదా అత్తయ్యా, మనం అడగనివ్వకుండానే పెట్టేస్తున్నాం’ అన్నాను. ఇప్పుడు వాడు డబ్బా తెచ్చి ఆవిడ ఒడిలో పెడితే, ఆవిడే ‘తియ్యి’ అని నెమ్మదిగా అని, మూత తీసి, మళ్లీ ‘తియ్యి’ అంటారు. వాడి నోట ఆ మాట ఇంకా పూర్తిగా రాలేదు, ‘తీ’ అనే శబ్దం మాత్రం వస్తోంది. పిల్లవాడు ఏడ్చేదాకా ఆపి ఉంచడం ఈ పద్ధతి కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి.

మారాం, కొట్టుకోవడం, అరవడం వంటి ప్రవర్తనల పాఠాలు కూడా బాగున్నాయి. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని రాసుకుని, ఆ ప్రవర్తనతో పిల్లవాడు సాధిస్తున్నదేమిటో కనిపెట్టమంటుంది. మిక్సీ వేసినప్పుడల్లా మావాడు తల బాదుకునేవాడు. ఆ శబ్దం ఆగాలన్నదే వాడి కోరిక అని రాసుకున్నాక తేలింది. మిక్సీ వేసే ముందు చెప్పడం, చెవులు మూసుకోవడం, పక్క గదిలోకి వెళ్లడం నేర్పుతున్నాము. తల బాదుకోవడం పూర్తిగా పోలేదు కానీ తగ్గింది.

ఇక లోటుపాట్లు. మేము కోర్సును ఇంగ్లీషులో చేశాము. ఇంట్లో బామ్మలు, తాతయ్యలు, పనిలో సాయం చేసేవారు కూడా పాటిస్తేనే ఫలితం ఇచ్చే పద్ధతి ఇది, కనుక ఒకరు కూర్చుని వారికి తెలుగులో విప్పి చెప్పే ఓపిక చేసుకోవాలి. అంతకన్నా పెద్ద లోటు, మనం చేసేది సరిగ్గా ఉందో లేదో ఆన్‌లైన్ కోర్సు చూడలేదు. మూలరూపంలో గృహ సందర్శనలు పెట్టింది అందుకే. ఆ లోటు తీర్చుకోవడానికి మేము ఆటను ఫోన్‌లో వీడియో తీసి, మా స్పీచ్ థెరపిస్టు గారికి చూపిస్తున్నాము. నిద్ర, మలవిసర్జన, తిండిలో మంకుపట్టు వంటి ప్రతి సమస్యకూ ఇందులో ప్రత్యేక పరిష్కారం వెతకకూడదు. సంరక్షకుల మానసిక ఆరోగ్యానికి చోటు ఇచ్చి, శ్వాస మీద ధ్యాస నిలిపే అభ్యాసాలు చేర్చడం మెచ్చదగినదే, కానీ ఆ కాస్త సమయం పిల్లవాడిని పట్టుకునేవారు ఇంట్లో మరొకరు ఉండాలి. ఈ భారమంతా తల్లి ఒక్కతే మోయరాదు, తండ్రులు మొదటి పాఠం నుంచే కూర్చోవాలని నా గట్టి అభిప్రాయం.

తల్లిదండ్రుల ద్వారా నేర్పించడం పనిచేస్తుందా అని సందేహించేవారికి మన ప్రాంతపు అధ్యయనం ఒకటి గుర్తు చేస్తాను. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది ఆటిజం పిల్లల కుటుంబాలతో జరిగిన పరిశోధన 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వెలువడింది. అది వేరే పద్ధతి అయినా, అక్కడ కూడా నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. తల్లిదండ్రులు పిల్లవాడి ధోరణికి అనుగుణంగా స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం కూడా పెరిగింది. అయితే ఇది థెరపీకి బదులు కాదు. నిర్ధారణకు, ఇతర సేవలకు సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) వంటి సంస్థలను, జిల్లాల్లోని డీఈఐసీలను (పిల్లల ఎదుగుదల సమస్యలను త్వరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రాలను) సంప్రదించాల్సిందే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలలో నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి కూర్చుని, ఎవరైనా టీచరు సాయంతో ఈ పాఠాలను తెలుగులో చర్చించుకోగలిగితే ఒంటరిగా తెర ముందు కూర్చోవడం కన్నా ఎంతో మేలు. కొత్తగా మొదలుపెట్టేవారు అన్ని పాఠాలనూ ఒకేసారి చూసేయకుండా, ఒక పాఠం చూసి, అందులోని ఒక్క చిట్కాను ఒక్క ఇంటి పనిలో కొన్ని రోజులు ప్రయత్నించి, ఆ తర్వాతే రెండో పాఠానికి వెళ్లడం మంచిది.