పాతికేళ్ళు దాటిన పరిచయం: మా బొల్లారం ఫుట్‌బాల్ క్లబ్బు

1998 వేసవిలో, పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారానికి, సికింద్రాబాద్‌లో బొల్లారం దగ్గర ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాను. అప్పుడు ఫీజు నెలకి 20 రూపాయలు. ఇప్పుడు పెద్దవాళ్ళకి 600, పిల్లలకి 300. ఆటగాడిగా మొదలుపెట్టి, కొన్నాళ్ళు కెప్టెన్‌గా, తర్వాత కమిటీలో ఉండి, ఇప్పుడు మా అమ్మాయిని పొద్దున్నే బండి మీద తీసుకెళ్ళే నాన్నగా అదే గ్రౌండుకి వెళ్తున్నాను. క్లబ్బు పేరు రాయడం లేదు, అటువైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ మధ్య చాలామంది "మా బాబుని అక్కడ వేయొచ్చా అన్నా?" అని అడుగుతున్నారు. వాళ్ళకోసం ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ముందు గ్రౌండు సంగతి. మాది మొరం నేల. పడితే మోకాలు చెక్కుకుపోతుంది. ప్లాస్టిక్ స్టడ్ల బూట్లు ఒక సీజన్ దాటితే గొప్ప. బంతి కుట్లు ఊడిపోతాయి, గాలి పంపు సూది ఎప్పుడూ ఎక్కడో పోతుంది. వానాకాలంలో గోల్ ముందు నీళ్ళు నిలుస్తాయి, వాటిని మేమే బకెట్లతో తోడిపోసేవాళ్ళం. మ్యాచ్ ఉన్న రోజు తెల్లవారుజామున ఇద్దరు సున్నంతో గీతలు గీయాలి, ఇద్దరు నెట్లు కట్టాలి. ఈ పనులకి వంతులు ఉండేవి. కెప్టెన్ అయినా వంతు తప్పేది కాదు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. నాకు ఈ క్లబ్బులో అన్నిటికంటే నచ్చిన విషయం అదే.

మాకు నేర్పిన సార్ రైల్వేలో పనిచేసి రిటైర్ అయిన మనిషి. ఆదివారం పొద్దున ఒక ఆట పెట్టేవారు: కుడికాలితో బంతి తాకితే ఫౌల్. అంతా ఎడమకాలితోనే. మొదటి నెల నాకు ఏడుపొచ్చేది. "నీ ఎడమకాలు అన్నం తినట్లేదారా?" అని అరిచేవారు. ఇంకో ఆదివారం డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ళ దగ్గరే ఉంచుకుని పరిగెత్తడం) లేని ఆట, ఒక్క టచ్‌తో బంతి పక్కవాడికి ఇచ్చేయాలి. ఇవి సార్ సొంతంగా కనిపెట్టినవనుకున్నాం. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఇవి సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ కుర్రాళ్ళకోసం పెట్టిన పోటీల నుంచి వచ్చినవని. రహీం సాబ్ బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు, బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంటు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానానికి వెళ్ళినప్పుడు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించినప్పుడు కోచ్ ఆయనే. మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ ఆడిన తులసీదాస్ బలరాం మాకు పక్కనే ఉన్న అమ్ముగూడ పిల్లాడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టిన మనిషి మనకు సైకిల్ దూరంలో పెరిగాడంటే, పదహారేళ్ళ కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? సార్ ఆయన గురించి చెప్తుంటే ప్రాక్టీస్ అయిపోయినా మేం లేచేవాళ్ళం కాదు.

ఆ తర్వాత ఐదారేళ్ళు క్లబ్బు బాగా నడిచింది. కింది డివిజన్ నుంచి పైకి వచ్చాం. మ్యాచులు ఎక్కువగా పనిరోజుల్లో మధ్యాహ్నం ఉండేవి. కాలేజీ ఎగ్గొట్టి, ఆఫీసులో హాఫ్ డే పెట్టి, సెవెన్ సీటర్ ఆటోలో పదిమందిమి ఇరుక్కుని వెళ్ళేవాళ్ళం. గెలిచిన రోజు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఓడిన రోజు చాయ్ మాత్రమే.

తర్వాత జరిగింది చెప్పడం కొంచెం కష్టంగానే ఉంది, ఎందుకంటే అందులో నా చెయ్యీ ఉంది. డబ్బున్న ఒక పెద్దమనిషి క్లబ్బుకి సాయం చేస్తానని ముందుకొచ్చారు. కొత్త జెర్సీలు, కొత్త బంతులు, బయటి నుంచి ఒక సీజన్‌కి డబ్బులిచ్చి తెచ్చిన ఆటగాళ్ళు. అప్పుడు కమిటీలో నేనూ ఉన్నాను, నేనూ సరేనన్నాను. ఒక కప్పు గెలిచాం. కానీ మన దగ్గర ఎనిమిదేళ్ళు ఆడిన పిల్లలు బెంచీ మీద కూర్చున్నారు. సార్ ఒక మాట కూడా అనలేదు, ఆదివారం ఎడమకాలి ఆట పెట్టడం మానేశారు. రెండో ఏడాది చివరికి ఆ పెద్దమనిషి తప్పుకున్నారు, బయటి ఆటగాళ్ళు ఎక్కువిచ్చిన చోటికి వెళ్ళారు. వెనక్కి తిరిగి చూసుకుంటే పదిహేను, పదహారేళ్ళ పిల్లలు లేరు. రెండేళ్ళు ఎవరినీ చేర్చుకోలేదు మరి! జట్టు వరసగా కిందికి జారింది.

అదే సమయంలో గ్రౌండులో సగానికి కంచె పడింది. స్థలం మాది కాదు, మేం ఆడుకోవడానికి ఇచ్చినంతకాలం ఇచ్చారు, వాళ్ళని అనడానికి లేదు. మిగిలిన సగంలో పదకొండు మంది ఆట కుదరదు, సెవెన్స్ (జట్టుకి ఏడుగురి ఆట) మాత్రమే. నగరమంతా ఇదే కథ. ఖాళీ జాగా ఉన్నచోట ఇళ్ళు, ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. ఆటలో రాణిస్తే బ్యాంకులోనో పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం కూడా తగ్గింది. మా తరంలో ఇంట్లో వాళ్ళు బూట్లు కొనిచ్చింది ఆ ఆశతోనే.

2012 ప్రాంతంలో కొన్ని ఆదివారాలు ఐదుగురమే వచ్చేవాళ్ళం. అయినా ఒక పాత మెంబర్, గోల్‌కీపర్‌గా ఆడినాయన, బంతుల సంచి భుజాన వేసుకుని ఆరింటికల్లా వచ్చి కూర్చునేవాడు. ఎవరూ రాకపోతే ఒక్కడే గ్రౌండు చుట్టూ పరిగెత్తి వెళ్ళేవాడు. ఇవాళ క్లబ్బు ఉందంటే ఆయన వల్లే. ఈ మాట ఆయన ఎదురుగా ఎప్పుడూ అనలేకపోయాను.

మళ్ళీ లేచింది పిల్లల వల్లే. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ప్రొఫెషనల్ జట్టు వచ్చాక ఇంట్లో పిల్లలు పసుపు జెర్సీలు అడగడం మొదలుపెట్టారు. కోవిడ్‌లో అంతా ఆగిపోయింది. 2022 మార్చిలో ఆ జట్టు గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన తర్వాతి ఆదివారం మా గ్రౌండులో నలభై మంది పిల్లలు! బంతులు ఐదే. తల్లిదండ్రులు చందా వేసుకుని కొన్నారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పిల్లలు బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. కానీ మా దగ్గర ఒక్కడు కూడా మానేయలేదు.

అమ్మాయిల బ్యాచ్ మూడేళ్ళ నుంచి నడుస్తోంది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్ళి భారత జట్టుకి ఆడుతున్న గుగులోతు సౌమ్య ఫొటో మా గదిలో గోడకి ఉంది. మా అమ్మాయి లెఫ్ట్ వింగ్ ఆడుతుంది. ఎడమకాలి ఆదివారాలు తిరిగి మొదలయ్యాయి, ఈసారి పెట్టింది ఆ గోల్‌కీపరే.

ఇక లోపాలు. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి సరైన గది లేదు, ఇది వెంటనే సరిచేయాల్సిన విషయం. లైట్లు లేవు కాబట్టి సాయంత్రం ఆరున్నర తర్వాత ఆట లేదు. ఫిజియో లేరు. నాకు మోకాలి లిగమెంట్ దెబ్బతిన్నప్పుడు ఐస్ గడ్డ పెట్టి ఇంటికి పంపారు, ఆలస్యంగా డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఏడాది పోగొట్టుకున్నాను. మీకు మోకాలు 'టక్' మని వాచిందంటే ఎవరి మాటా వినకుండా ఎముకల డాక్టర్‌కి చూపించండి. జట్టు ఎంపికలో పాత మెంబర్ల పిల్లలకి కొంచెం మొగ్గు ఉంటుందన్న మాట నిజమే. ఈ ఏడాది నుంచి ఎంపిక ముగ్గురు కలిసి చేస్తున్నారు, అయినా ఇంకా పూర్తిగా పోలేదు.

వారానికి ఒక గంట చెమట పట్టాలనుకునేవాళ్ళకి అద్దె టర్ఫే నయం. పచ్చగా ఉంటుంది, లైట్లుంటాయి, పడినా పెద్దగా దెబ్బ తగలదు. బిడ్డని రెండేళ్ళలో స్టేట్ టీమ్‌లో చూడాలన్న టెన్షన్ ఉన్నవాళ్ళకి పెద్ద అకాడమీలు ఉన్నాయి. మా దగ్గర పిల్లలు నిదానంగా నేర్చుకుంటారు, నెట్లు కట్టడంతో సహా. నాలుగైదేళ్ళు ఓపిక పట్టగలిగితే తీసుకురండి.

శని, ఆదివారాలు పొద్దున ఆరింటికి. మొదటి నెల ఫీజు అడగరు. బూట్లు కొనకుండానే రండి. పెరిగిపోయిన పిల్లలు వదిలేసినవి గదిలో సైజుల వారీగా జతలు కట్టి పెట్టాం, ఎనిమిదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి ఉన్నాయి.